గుండెకు అరువు ఇంజను: అడగవలసింది పగటి పూటే

(మా గ్రామీణ విలేకరి)

జనగామ : గుండె ఆపరేషన్ అంటే ఒకప్పుడు మన పల్లెల్లో వినని మాట. ఇప్పుడు చాలా ఊళ్లలో ఛాతీ మీద నిలువు కుట్ల మచ్చ ఉన్నవారు కనిపిస్తున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత కూలీనాలీ చేసుకునేవారు కూడా హైదరాబాదు వెళ్లి కవాటం మార్పించుకొని, బైపాస్ చేయించుకొని తిరిగి వస్తున్నారు. ఇది సంతోషించవలసిన సంగతే.

అయితే ఆపరేషన్‌కు ముందు మనకు ఎవరూ చెప్పని, మనమూ అడగని సంగతి ఒకటి ఉన్నది. ఆపరేషన్ ముగిసిన తరువాత గుండె తనంతట తాను నడవకపోతే ఏమి చేస్తారు? అందుకు పెట్టే యంత్రాలు ఏవి? వాటిని ఎన్ని రోజులు ఉంచుతారు? ఖర్చు ఎవరిది? వీటికి జవాబులు తెలియకుండానే అర్ధరాత్రి ఆసుపత్రి వరండాలో కాగితం మీద సంతకం పెట్టవలసి వస్తున్నది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వారికి పనికివస్తుందని ఆ సంగతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాము.

ఆ రాత్రి జరిగింది

2024 చలికాలంలో ఈ విలేకరి మేనమామకు హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో గుండె కవాటం మార్చారు. ఆయన జనగామ దగ్గరి పల్లెలో రెండెకరాల రైతు. చిన్నతనంలో వచ్చిన కీళ్ల జ్వరం కవాటాన్ని పాడు చేసిందనీ, చాలా ఆలస్యంగా వచ్చారనీ డాక్టర్లు అన్నారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం మొదలై అప్పటికి రెండేళ్లు దాటింది. పత్తి దుమ్ము వల్ల అని కొన్నాళ్లు, బీడీల వల్ల అని కొన్నాళ్లు గడిపారు.

పొద్దున ఎనిమిది గంటలకు ఆయనను లోపలికి తీసుకుపోయారు. సాయంత్రమైనా కబురు లేదు. రాత్రి పదకొండు దాటిన తరువాత ఒక కుర్ర డాక్టరు బయటికి వచ్చి, "ఆపరేషన్ అయింది గాని గుండె పంపు మీద నుంచి దిగడం లేదు. బెలూన్ పెట్టాము. అది చాలకపోతే ఎక్మో పెట్టాలి. దాని ఖర్చు వేరే. ఇక్కడ సంతకం చేయండి" అన్నాడు.

"బెలూనా బిడ్డా? పోయినేడు మా వియ్యంకునికి గూడ పెట్టిండ్రు గదా. రెండో నాడే ఇంటికి పంపిండ్రు" అన్నది మా అత్తమ్మ. ఆమె చెప్పింది మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే బెలూన్ సంగతి. డాక్టరు చెప్పింది వేరే బెలూన్. ఆ తేడా చెప్పే తీరిక ఆయనకు లేదు, అడిగే తెలివి మాకు లేదు. "అల్లుడా, నువ్వు పేపర్ల రాసెటోనివి, నీకు తెల్వదా?" అని ఆమె అడిగింది. నాకు తెలియదు. సంతకం చేశాము.

మా మామ బతికాడు. మూడో రోజున బెలూన్ తీసేశారు. కాని అదే వరండాలో మాతో పాటు కూర్చున్న మానుకోట వైపు కుటుంబానికి అంత అదృష్టం లేకపోయింది. వారి ఇంటి ఇల్లాలికి ఎక్మో పెట్టారు. ఎనిమిదో రోజున ఆమె చనిపోయింది. అప్పటికి వారు ఒక ఎకరానికి బయానా తీసుకొని ఉన్నారు. "ఇంకా రెండు రోజులు చూద్దామా అని అడిగితే వద్దని ఎట్ల అంటం సార్?" అని ఆమె కొడుకు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉన్నది. ఆ తరువాత తెలిసిన డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

గుండెను ఆపి కుట్టడం

మనిషి గుండె నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తాన్ని తోడుతుంది. రోజుకు లక్ష సార్లు కొట్టుకుంటుంది. ఎగిరే పిట్ట రెక్కకు కుట్టు వేయలేము గదా. అందుచేత కవాటం మార్చాలన్నా, గుండెలోని రంధ్రం మూయాలన్నా డాక్టర్లు మందు ఎక్కించి గుండెను కొన్ని గంటలు ఆపుతారు. ఆ కాసేపు గుండె పనినీ, ఊపిరితిత్తుల పనినీ పక్కనున్న యంత్రం చేస్తుంది. శరీరంలోని చెడు రక్తాన్ని గొట్టంలో బయటికి తీసుకొని, ప్రాణవాయువు కలిపి, తిరిగి లోపలికి పంపుతుంది. ఈ యంత్రాన్ని అమెరికాలో గిబ్బన్ అనే సర్జను 1953 మే 6న మొదటిసారి మనిషి మీద విజయవంతంగా వాడాడు. కొన్ని బైపాస్ ఆపరేషన్లను మాత్రం గుండెను ఆపకుండానే చేస్తారు.

కుట్టడం అయిన తరువాత గుండెను మళ్లీ నడిపిస్తారు. యంత్రాన్ని మెల్లగా తగ్గిస్తూ భారాన్ని గుండెకు అప్పగిస్తారు. చాలా మందికి ఏ ఇబ్బందీ లేకుండా ఇది జరిగిపోతుంది. అయితే వంద మందిలో కొందరికి గుండె వెంటనే ఊపు అందుకోదు. అది చచ్చిపోయిందని కాదు. దెబ్బకు మొద్దుబారి ఉంటుంది. రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం రోజులు విశ్రాంతి ఇస్తే తేరుకోవచ్చు. ఈలోగా మెదడుకు, మూత్రపిండాలకు రక్తం అందకపోతే మనిషి దక్కడు. కాబట్టి మొదట గుండెకు బలమిచ్చే మందులు ఎక్కిస్తారు. అవి చాలకపోతే యంత్రం ఆసరా ఇస్తారు.

రైతుకు ఇది అర్థం కాని సంగతి ఏమీ కాదు. నడి వేసవిలో బావి మోటారు కాలిపోతే ఏమి చేస్తాము? మోటారును వైండింగ్‌కు ఇస్తాము. అది తిరిగి వచ్చేదాకా పొలం ఎండిపోకుండా పక్క రైతు ఆయిల్ ఇంజను అరువు తెచ్చి తడుపుతాము. ఆ ఇంజను మోటారును బాగు చేయదు. బాగయ్యేదాకా మడిని కాపాడుతుంది, అంతే. మోటారు ఇక పనికి రాదని మిస్త్రీ చెప్పినప్పుడు అరువు ఇంజనును ఎన్నాళ్లు నడుపుతాము? ఆపరేషన్ తరువాత పెట్టే గుండె యంత్రాల సంగతి అచ్చం ఇదే.

మూడు రకాల ఆసరా

మొదటిది బెలూన్ పంపు. డాక్టర్లు దీన్ని ఐఏబీపీ అంటారు. తొడలోని రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, గుండె నుంచి కిందికి దిగే పెద్ద ధమనిలో పొడవాటి బెలూన్‌ను ఉంచుతారు. గుండె సడలినప్పుడు బెలూన్ ఉబ్బుతుంది. దాంతో గుండె కండరానికే రక్తం బాగా అందుతుంది. గుండె ముడుచుకోబోయే ముందు బెలూన్ తుస్సుమంటుంది. దాంతో గుండెకు బరువు తగ్గుతుంది. లోపలికీ బయటికీ క్షణంలో కదలాలి కనుక తేలికైన హీలియం వాయువును వాడతారు. బెలూన్ ఇచ్చే సాయం పెద్దది కాదు. నిమిషానికి అర లీటరు నుంచి లీటరు దాకా మాత్రమే. కాస్త చేయూతనిస్తే లేచి నడవగలిగిన గుండెకు ఇది సరిపోతుంది. బృహద్ధమని కవాటం బాగా కారుతున్నవారికి ఇది పనికిరాదు. అమెరికాలో కాంట్రోవిట్జ్ అనే డాక్టరు 1967లో దీన్ని మొదటిసారి రోగికి వాడాడు.

రెండవది గొట్టం చివర చిన్న మర ఉన్న పంపు. ఇంపెల్లా అనేది దీని పేరు. బోరు బావిలో సబ్‌మెర్సిబుల్ మోటారు దింపినట్లు దీన్ని రక్తనాళం గుండా గుండె ఎడమ గది లోపలికే దింపుతారు. అది తిరుగుతూ రక్తాన్ని ముందుకు తోస్తుంది. బెలూన్ కంటే బలమైనది. ధర కూడా చాలా ఎక్కువ.

మూడవది ఎక్మో. ఇది ఆపరేషన్ థియేటరులోని గుండె-ఊపిరితిత్తుల యంత్రానికి తమ్ముడి వంటిది. రక్తాన్ని బయటికి తీసి, ప్రాణవాయువు కలిపి, తిరిగి పంపుతుంది. గుండె పని దాదాపు మొత్తం ఇదే చేయగలదు. అందుకే ఆఖరి మెట్టుగా దీన్ని వాడతారు.

ఆసరా పెద్దదైన కొద్దీ ముప్పు కూడా పెద్దదే. గొట్టాలలో రక్తం గడ్డ కట్టకుండా పలుచన చేసే మందు ఇస్తారు. దానివల్ల కుట్ల దగ్గర రక్తం కారవచ్చు. తొడలో లావు గొట్టం ఉండడం వల్ల ఆ కాలికి రక్తం తగ్గి చల్లబడవచ్చు. కాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. పక్షవాతం, మూత్రపిండాలు చెడడం, చీము పట్టడం వంటివి కూడా రావచ్చు. అందుచేత యంత్రం ఉన్నంత కాలం రోగి పక్కన తర్ఫీదు పొందిన నర్సు, పంపు నడిపే నిపుణుడు రాత్రింబవళ్లు ఉండాలి.

పేపర్లలో చదివిన పేర్లు

ఎక్మో అనే మాట మన పల్లెలకు గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం జబ్బుతో తెలిసింది. 2020 ఆగస్టులో కరోనాతో ఆయన చెన్నై ఆసుపత్రిలో చేరారు. వెంటిలేటరు, ఎక్మో మీద వారాల తరబడి ఉండి, సెప్టెంబర్ 25న కన్నుమూశారు. అక్కడ ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆపరేషన్ తరువాత గుండె కోసం పెట్టే ఎక్మో వేరు. పేరు ఒకటైనా గొట్టాలు పెట్టే చోటు, ఉంచే రోజులు, ఆశలు వేరు.

నటుడు నందమూరి తారకరత్న 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో గుండెపోటుతో పడిపోయారు. బెంగుళూరుకు తరలించారు. ఆయనకు బెలూన్ పంపు ఆసరా ఇచ్చినట్లు ఆసుపత్రి ప్రకటనలో చెప్పారు. ఫిబ్రవరి 18న ఆయన మరణించారు. పేరు, డబ్బు, పెద్ద డాక్టర్లు ఉన్నచోట కూడా యంత్రం ప్రాణానికి హామీ ఇవ్వలేదు. ఇది భయపెట్టడానికి చెప్పడం కాదు. "యంత్రం పెట్టారు కనుక బతుకుతాడు" అనీ, "యంత్రం పెట్టారంటే పోయినట్లే" అనీ రెండు మాటలూ మన ఊళ్లలో వినిపిస్తున్నాయి. రెండూ తప్పే.

1966లో అమెరికాలో డిబేకీ అనే సర్జను, కవాటాల ఆపరేషన్ తరువాత గుండె నడవని ఒక మహిళకు పది రోజుల పాటు పంపు ఆసరా ఇచ్చాడు. ఆమె కోలుకొని ఇంటికి వెళ్లింది. ఈ విధానం పుట్టింది ఆ ఆశతోనే. అయితే లెక్క కూడా చూడాలి. గుండె ఆపరేషన్ తరువాత ఎక్మో దాకా వెళ్లిన పెద్దవారిలో ప్రాణాలతో ఇంటికి చేరేది, వివిధ దేశాల లెక్కల ప్రకారం, పది మందిలో ముగ్గురు నలుగురు. బెలూన్‌తోనే గట్టెక్కేవారి పరిస్థితి ఇంతకంటె మెరుగు. వారి గుండె అంతగా చెడిపోయి ఉండదు కనుక.

గుండెపోటుతో రక్తపోటు పడిపోయిన రోగుల మీద జర్మనీలో పెద్ద పరిశోధనలు జరిగాయి. 2012లో 600 మంది మీద వెలువడిన పరిశోధనలో బెలూన్ పెట్టినవారికీ పెట్టనివారికీ మరణాలలో తేడా కనిపించలేదు. 2023లో ఎక్మో మీద వెలువడిన పరిశోధనలో కూడా అందరికీ మామూలుగా పెడితే మేలు కనబడలేదు. రక్తస్రావం మాత్రం ఎక్కువైంది. 2024లో డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్ డాక్టర్లు జాగ్రత్తగా ఎంపిక చేసిన రోగులకు ఇంపెల్లా పెట్టగా మరణాలు 58 శాతం నుంచి 46 శాతానికి తగ్గాయి. ఇవి ఆపరేషన్ రోగుల మీద చేసినవి కాకపోయినా పాఠం ఒకటే. యంత్రం అందరికీ కాదు. ఎవరికి, ఎప్పుడు, ఎన్నాళ్లు అన్నదే అసలు వైద్యం.

డబ్బు సంగతి

రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి పది లక్షల రూపాయలకు పెంచారు. "పది లక్షలు ఉన్నాయి గదా, ఇంకేమి" అని చాలా మంది అనుకుంటున్నారు. అయితే ఆ డబ్బు మన చేతికి వచ్చేది కాదు. జబ్బునుబట్టి, ఆపరేషన్‌నుబట్టి ప్యాకేజీ కింద మంజూరవుతుంది. ఆ ప్యాకేజీలో ఏ యంత్రం ఖర్చు కలిసి ఉన్నది, ఎన్ని రోజుల ఐసీయూ ఉన్నది అనేది ఆపరేషన్‌కు ముందే తెలుసుకోవాలి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది. 104 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చు.

ప్రైవేటు ఆసుపత్రిలో సొంత ఖర్చుతో ఎక్మో పెడితే మొదటి రోజునే లెక్క లక్షలలో మొదలవుతుంది. ఆ తరువాత ప్రతి పూటా పెరుగుతుంది. ఆ సమయంలో రైతుకు మిగిలిన దారి వడ్డీ వ్యాపారి, లేకపోతే భూమి. నిమ్స్ వంటి చోట చేరినవారికి ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్ఓసీ తెచ్చుకునే వీలు ఉన్నది. కాని దానికి కాగితాలు కావాలి, శాసనసభ్యుని సిఫారసు కావాలి, ఒకటి రెండు రోజుల సమయం కావాలి. అర్ధరాత్రి పదకొండు గంటలకు అది దొరకదు. అందుకే పగటి పూటే, ఆపరేషన్‌కు ముందే ఆ ఏర్పాటు చూసుకోవాలి.

సంతకానికి ముందు అడగవలసినవి

డాక్టరును ప్రశ్నించడం మర్యాద కాదని మన పెద్దలు అనుకుంటారు. మర్యాదగా అడిగితే మంచి డాక్టరు కోపగించుకోడు. ఇంట్లో చదువుకున్న పిల్లవాడినో పిల్లనో వెంట తీసుకొని వెళ్లి, ఈ ఐదు సంగతులు అడిగి కాగితం మీద రాసుకోవాలి.

ఒకటి: ఎకో పరీక్షలో గుండె తోడే శక్తి ఎంత వచ్చింది? దాన్ని ఈఎఫ్ అని శాతంలో రాస్తారు. మామూలుగా 55కు పైన ఉండాలి. 35కు దిగువన ఉంటే ఆపరేషన్ తరువాత ఆసరా అవసరమయ్యే అవకాశం ఎక్కువ. అయితే కారే కవాటం ఉన్నవారికి ఈ అంకె ఉన్నదానికన్నా బాగున్నట్లు కనిపిస్తుంది. కాబట్టి అంకె ఒక్కటే చూడకుండా డాక్టరు అభిప్రాయం కూడా అడగాలి.

రెండు: గుండె నడవకపోతే ఈ ఆసుపత్రిలోనే బెలూన్ పంపు, ఎక్మో ఉన్నాయా? నడిపేవారు రాత్రి పూట కూడా ఉంటారా? లేకపోతే ఎక్కడికి పంపుతారు?

మూడు: అవి కార్డు కింద వస్తాయా? రాకపోతే మొదటి రోజుకు ఎంత, తరువాత రోజుకు ఎంత? కాగితం మీద రాసి ఇస్తారా?

నాలుగు: యంత్రం పెట్టిన తరువాత గుండె తేరుకుంటున్నదో లేదో ఎట్లా చూస్తారు? ఎన్నో రోజున మాతో కూర్చొని మాట్లాడతారు?

ఐదు: రోజూ మాకు సంగతి చెప్పే డాక్టరు ఎవరు, ఏ వేళకు చెబుతారు?

ఇందులో నాలుగవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. యంత్రం పెట్టిన తరువాత మూడు దారులే ఉన్నాయి. గుండె తేరుకుంటే యంత్రం తీసేస్తారు. తేరుకోకపోయినా మిగతా అవయవాలు బాగుంటే గుండె మార్పిడికో, ఎక్కువ కాలం నడిచే పంపుకో ప్రయత్నిస్తారు. 2021 ఫిబ్రవరి 2న హైదరాబాదులో ఒక రైతు గుండెను మెట్రో రైలులో తరలించి మరొకరికి అమర్చిన సంగతి పాఠకులకు గుర్తు ఉండవచ్చు. కాని దాత గుండె అడిగిన రోజున దొరికేది కాదు. ఇక మూడవ దారి, మెదడు, మూత్రపిండాలు కూడా దెబ్బతిని తేరుకునే ఆశ లేనప్పుడు యంత్రాన్ని ఆపడం. అది చంపడం కాదు, వదిలేయడమూ కాదు. పోయే ప్రాణాన్ని గొట్టాలతో లాగకుండా ఉండడం. "మీ ఇష్టం, ఇంకా రెండు రోజులు చూస్తారా?" అని భారమంతా కొడుకు మీద పెట్టడం న్యాయం కాదు. గుండె తేరుకునే సూచన ఉన్నదా లేదా అని డాక్టరే నోరు తెరిచి చెప్పాలి. అడిగే హక్కు కుటుంబానికి ఉన్నది.

దూరమూ ఆలస్యమూ

మన మూడు జిల్లాల వారికి ఈ సమస్య మరింత గట్టిగా తగలడానికి కారణం ఉన్నది. జనగామ నుంచి హైదరాబాదు తొంభై కిలోమీటర్ల లోపే. బస్సు ఉన్నది, రైలు ఉన్నది. మహబూబాబాద్‌కు కూడా రైలు ఉన్నది గాని దూరం రెట్టింపు దాటుతుంది. కొత్తగూడ, గంగారం ఏజెన్సీ గూడేల నుంచి రైలు స్టేషనుకు రావడమే ఒక ప్రయాణం. భూపాలపల్లి వారు ముందు వరంగల్ చేరాలి, ఆ తరువాత హైదరాబాదు. మహదేవపూర్, పలిమెల వైపు గోదావరి ఒడ్డు పల్లెల సంగతి చెప్పనవసరం లేదు.

దూరం వల్ల ఆలస్యం. ఆలస్యం వల్ల గుండె అలిసిపోయి ఆపరేషన్ బల్ల మీదికి వస్తుంది. అలిసిన గుండెకే అరువు ఇంజను అవసరం. మా మామ కథ ఇదే. ఆయాసం మొదలైన ఏడాదే ఎకో తీయించి ఉంటే ఆ బెలూన్ అవసరం పడేది కాదేమో.

ఇంకా వెనక్కి వెళితే అసలు కవాటమే చెడకుండా ఉండేది. ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు మోకాళ్లు, మణికట్లు ఒకదాని తరువాత ఒకటి వాచి నొప్పి పుడితే దాన్ని వాతం అని వదలరాదు. అది గుండెను కరిచే జ్వరం కావచ్చు. డాక్టరు ఆ జ్వరమని తేల్చితే మూడు నాలుగు వారాలకు ఒకసారి చొప్పున ఏళ్ల తరబడి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించాలి. ఆ సూదికయ్యే ఖర్చు కొద్దిపాటిది. దాన్ని మానేస్తే ఇరవై ముప్పై ఏళ్ల తరువాత కవాటం మార్పిడి, బెలూన్, ఎక్మో. గుండెపోటు విషయమూ అంతే. ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకొని తెల్లారేదాకా ఆగకుండా వెంటనే 108కు ఫోను చేసి ఈసీజీ తీయించుకుంటే గుండె కండరం మిగులుతుంది.

ఏమి చేయవలసి ఉన్నది

మహబూబాబాద్‌లో 2022 నవంబర్ 15న, జనగామ, భూపాలపల్లిలలో 2023 సెప్టెంబర్ 15న ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఈ మూడు చోట్ల గుండె ఆపరేషన్లు చేయాలని ఎవరూ అడగడం లేదు. చేయకూడదు కూడా. ఎప్పుడో ఒకటి చేసే చోట యంత్రం ఉన్నా నడిపే చేయి తిరగదు. కాని ప్రతి వారం నిర్ణీత రోజున ఎకో పరీక్ష, గుండె డాక్టరు రాక ఉండేటట్లు చూస్తే జబ్బు రెండేళ్లు ముందుగా బయటపడుతుంది. కీళ్ల జ్వరం పిల్లల పేర్లు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పుస్తకంలో రాసి, సూది తేదీకి ఆశా కార్యకర్త కబురు పెట్టే ఏర్పాటు చేయాలి. పాఠశాలలు, అంగన్‌వాడీలలో పిల్లల పరీక్షలు చేసే బృందాలు ఉన్నాయి కనుక ఇది కొత్త ఖర్చు కాదు.

పెద్ద ఆపరేషన్లు జరగవలసింది వరంగల్‌లో. కాకతీయ వైద్య కళాశాల ఆవరణలో కేంద్ర పథకం కింద సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కట్టారు. పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021 జూన్ 21న శంకుస్థాపన చేశారు. భవనాలు కట్టడం ఒక ఎత్తు, అందులో రాత్రి రెండు గంటలకు బెలూన్ పంపు నడిపే నర్సు, పంపు నిపుణుడు ఉండడం మరొక ఎత్తు. యంత్రాన్ని టెండరు పిలిచి కొనవచ్చు. మనుషులను తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది. అందుచేత యంత్రాల కొనుగోలుతో పాటే సిబ్బంది నియామకాలు, తర్ఫీదు జరగాలి. ఏ ఆపరేషన్ ప్యాకేజీలో ఏ యంత్రం ఎన్ని రోజులు కలిసి ఉన్నదో తెలుగులో రాసి ప్రతి ఆసుపత్రి గోడకు అంటించాలి. ఇందుకు కోట్లు అవసరం లేదు, ఒక ఉత్తర్వు చాలు. ముగ్గురు కలెక్టర్లు, శాసనసభ్యులు ఈ సంగతిని ప్రభుత్వం దృష్టికి తీసుకుపోవలసి ఉన్నది.

మా మామ ఇప్పుడు పొలానికి వెళుతున్నాడు. బరువులు ఎత్తడు, రక్తం పలుచన చేసే మాత్ర మానడు, నెలనెలా పరీక్ష చేయించుకుంటాడు. మానుకోట వైపు ఆ కుటుంబం నుంచి కూడా అప్పుడప్పుడు ఫోను వస్తుంది. ఎకరం పోయింది, తల్లి పోయింది. "ముందే ఎవరన్న చెప్పి ఉంటే ఏం చేసెటోళ్లమో తెల్వదు గని, తెలిసి చేసెటోళ్లం" అంటాడు ఆ కొడుకు. ఊరిలో ఎవరికైనా గుండె ఆపరేషన్ తేదీ ఖాయమైతే పాఠకులు ఈ ఐదు ప్రశ్నల కాగితం వారి చేతిలో పెట్టి పంపవలసిందిగా కోరుతున్నాము.